నాలుగు మూలలా పసుపు

కుప్పంలో మునెమ్మ నోటికి జడవని మనిషి లేడు, ఆమె మొగుడు రామప్ప ఒక్కడు తప్ప. అది ధైర్యం కాదు. గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి కాపలా ఉండి ఉండి ఆయన చెవులు మందగించాయి. అరిస్తే తప్ప ఆయనకు వినపడదు, అరవకుండా ఆమెకు మాట్లాడటం రాదు. కాబట్టి కాపురం చక్కగా సాగుతోంది.

మునెమ్మ కూడా వయసులో క్వారీలో రాళ్లు మోసిన మనిషే. ఇప్పుడు అంగన్‌వాడీలో ఆయా. పిల్లలకు అక్షరాలు చెప్పే టీచరు పక్కన కూర్చుని కూర్చుని తానూ కూడబలుక్కుని చదవడం నేర్చేసుకుంది. రేకుల ఇల్లు పోయి మిద్దె వచ్చింది, గ్యాసు వచ్చింది, చేతిలోకి పెద్ద ఫోను వచ్చింది. ఆ ఇంటికి రానిది కోడలు ఒక్కతే.

కొడుకు మునిచంద్రలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పొడగరి. తాగడు, పేకాడడు, జీతం నెలకు నెల తల్లి ఖాతాలో వేస్తాడు. లోపమల్లా ఒక్కటే, మిలిట్రీలో ఉన్నాడు. వాల్మీకిపురంలో ఒక సంబంధానికి పోతే పిల్ల తండ్రి ఆ మాట వినగానే లేచి నిలబడి మునెమ్మకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "మీవోడు దేశాన్ని కాస్తాండాడు తల్లీ, నీ కడుపు సల్లగుండ" అన్నాడు. కాఫీ ఇప్పించాడు, వడలు పెట్టించాడు. పిల్లను మాత్రం బెంగళూరులో కంప్యూటర్ల కంపెనీవాడికి ఇచ్చాడు. చౌడేపల్లె దగ్గర ఇంకో ఇంట్లోనూ ఇదే వరస. లేచి నిలబడటం, దండం, కాఫీ, సెలవు.

"ఫోన్లో బొమ్మ పెట్టుకునేదానికి జవాను కావాల. అల్లుడుగా మాత్రం వొద్దు" అని మునెమ్మ వీధి వీధంతా వినేటట్లు అనేది. లోపల మాత్రం ఆ మాట ఆమెను కోస్తూనే ఉండేది. వాడికి ముప్పై దాటిపోతే ఇంక ఎవరు ఇస్తారు? సెలవు మీద వచ్చినప్పుడల్లా వాడు తోటివాళ్ల పిల్లల్ని భుజాన ఎక్కించుకుని కుప్పం స్టేషన్లో రైళ్లు చూపించి వస్తుంటే, చూడలేక వంటింట్లోకి పోయి గిన్నెల మీద కోపం చూపించేది.

ఇట్లా ఉండగా జెండా పండుగ పోయిన తర్వాత ఒక మధ్యాహ్నం ఫోను టింగుమంది. మునిచంద్ర వాట్సాప్‌లో రెండు ఫోటోలు పంపాడు. కింద, "అమ్మా, సూడు, నాకు శుభలేఖ వచ్చిండాది" అని రాసి, పక్కన పకపకా నవ్వే బొమ్మ పెట్టాడు. మునెమ్మ వెంటనే ఫోన్ చేసింది. కలవలేదు. వాడు పైన మంచు కొండ మీది కాపలాకు పోతే సిగ్నల్ ఉండదు, దిగి వచ్చేదాకా మాట ఉండదు. అది ఆమెకు అలవాటే.

ఫోటోలు పెద్దవి చేసుకుని చూసింది. మొదటిది కవరు. రెండోది తెల్ల కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో జాబు. రెండింటికీ నాలుగు మూలలా పచ్చగా, వేలితో అద్దిన పసుపు.

నాలుగు మూలలా పసుపు పూసి పంపే జాబు లోకంలో ఒక్కటే. అది తెలియనిది ఎవరికి? మునెమ్మ గొంతు సవరించుకుని, మొగుడి చెవి దగ్గర కూర్చుని, పిల్లలకు చదివినట్లు చదివింది.

"మునిచంద్ర గారికి నమస్కారాలు. మీరు అక్కడ మేలుకుని ఉండటం వల్లే మేము ఇక్కడ నిశ్చింతగా నిద్రపోతున్నాము. మాది పుంగనూరు. ఈ ఏడు వానలు పరవాలేదు. మా ఇంట్లో మూడు ఆవులున్నాయి. అందులో ఒకటి పుంగనూరు పొట్టి ఆవు. మీకు పాలు పంపమని మా అవ్వ అడుగుతోంది. పోస్టులో పాలు పంపే వీలు లేదని చెప్పాను. మేము ఏం చేసినా మీ రుణం తీరదు. ఇంత మంచి కొడుకును కన్నందుకు మీ అమ్మగారికి కూడా నా ధన్యవాదాలు. సెలవు మీద వచ్చినప్పుడు తప్పకుండా మా ఊరికి రండి. ఇట్లు, వి. సుమలత, సోషల్ టీచరు."

"బాగుండాది" అన్నాడు రామప్ప. "థ్యాంక్స్ జాబు. బళ్లో రాయిస్తారు ఇట్లాంటివి."

"నీ తలకాయ. థ్యాంక్స్ సెప్పేదానికి ఎవురైనా ఇంట్లో ఎన్ని ఆవులుండాయో సెప్తారా? ఆస్తి సెప్తాండారయ్యా. రుణం తీరదంటే ఏందనుకున్నావ్? రుణానుబంధం. అమ్మకు దండాలంట. పెండ్లి కాకముందే అత్తకు మర్యాద సేస్తాండాది బిడ్డ. మా ఊరికి రండి అంటే పెండ్లిసూపులకు రండి అనేగదా. ఎవురన్నా మా పిల్లని సేసుకోండి అని ఊరికే నోరిడిసి అడుగుతారా? అన్నీ పోనీ, పసుపుకేం సెప్తావ్?"

రామప్ప పసుపు మాట దాటేసి, పట్టు వదలకుండా, "ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని గొణిగి కాపలాకు వెళ్లిపోయాడు. మునెమ్మ ఆ ధన్యవాదాల వాక్యాన్ని మళ్లీ చదువుకుంది. కొడుకును కన్నందుకు ఆమెకు ఇంతవరకూ ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ పిల్ల ఎట్లా ఉంటుందో తెలియకుండానే ఆమె మీద ప్రేమ పుట్టేసింది.

ఆ సాయంత్రమే మదనపల్లెలో ఉన్న తమ్ముడు గంగప్పకు ఫోన్ చేసింది. గంగప్ప టమోటా మార్కెట్లో ఒక మండీ దగ్గర వేలంపాట పాడే మనిషి. ఏ మాటనైనా అందుకుని పైకి పాడటమే తప్ప తగ్గించడం తెలియనివాడు. పుంగనూరులో ఉన్న దూరపు చుట్టాన్ని విచారించి మర్నాటికల్లా కబురు తెచ్చాడు. "అక్కా, మనోళ్లే. నాయన వెంకటముని ఆర్టీసీ డ్రైవరు. పాపకు సంబంధాలు సూస్తాండారంట. ఇంకేం కావాల? ఆదివారం పోదాం. బేరం కుదుర్చుకోనే వద్దాం."

ఆదివారం మునెమ్మ పెట్టెలోని ధర్మవరం చీర కట్టింది. ఆకు వక్క, పసుపు కుంకుమ పొట్లం, రవికె గుడ్డ, కుప్పం మల్లెలు బుట్టలో సర్దుకుని పలమనేరు మీదుగా వచ్చి పుంగనూరులో బస్సు దిగింది. గంగప్ప అటు మదనపల్లె నుంచి దిగాడు. వాడి భుజాన పళ్ల బుట్టకు బదులు టమోటా బాక్సు ఉంది.

"ఇదేందిరా? సంబంధానికి పోతా టమోటాలా?"

"అక్కా, ఈ నెల రేటు ఎంతో నీకేం తెలుసు? టమోటా ముందర యాపిల్ యాడ నిలబడతాది? ఇదే మర్యాద."

వాళ్లు వాకిట్లో నిలబడి తాము ఫలానా అని చెప్పుకోగానే ఆ ఇంట్లో అయిన హడావుడి చూసి మునెమ్మకు కళ్లు చెమర్చాయి. "మునిచంద్ర వాళ్లమ్మా? జాబు సూసి అంత దూరం నుంచి వచ్చినారా?" అంటూ వెంకటముని యూనిఫాం చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఎదురొచ్చాడు. కుర్చీలు వేశారు. ఫ్యాను వాళ్ల వైపు తిప్పారు. లోపలి నుంచి అవ్వ రాములమ్మ చేతికర్ర తాటించుకుంటూ వచ్చి మునెమ్మ చెంపలు నిమిరి మెటికలు విరిచింది. పిల్ల సుమలత వచ్చి కాళ్లకు దండం పెట్టింది. చామనఛాయ, చురుకైన కళ్లు, ఆదివారం కూడా ఇంట్లో ట్యూషన్ చెబుతోందేమో, చేతికి సుద్దముక్క పొడి ఇంకా అంటుకునే ఉంది. మునెమ్మ మనసులోనే ఆమెకు కుప్పం ఇల్లంతా తిప్పి చూపించేసింది.

మర్యాద తెలిసినవాళ్లు వచ్చిన పని వెంటనే చెప్పరు. అందుకని మునెమ్మ వానల గురించి మాట్లాడింది. వెంకటముని బస్సుల గురించి మాట్లాడాడు. పొట్టి ఆవును దొడ్లోంచి తోలుకొచ్చి చూపించారు. మునెమ్మ దాని గంగడోలు నిమిరి, "లక్షణంగా ఉండాది" అంది, సుమలత వైపు చూస్తూ.

"మీరు మా గడప తొక్కేది మా అదృష్టం" అన్నాడు వెంకటముని.

"అదృష్టం మాది. మీరంతట మీరే ముందుకొచ్చినారు. ఈ కాలంలో అంత పెద్ద మనసు ఎవురికుండాదప్పా?" అంది మునెమ్మ.

"అది మా ధర్మం" అన్నాడు ఆయన, ఏ ధర్మమో తెలియకుండానే.

ఇంత సాఫీగా సాగుతున్న పాటను గంగప్ప చూస్తూ ఊరుకోలేడు కదా. కాఫీ గ్లాసు టక్కున కింద పెట్టి, "సరేప్పా, రెండు పక్కలా ఇష్టమే. ఇంక నానబెట్టేది యాల? మావోడు కార్తీకంలో సెలవుకు వస్తాడు. లగ్గం అప్పుడు పెట్టుకుందామా, మాఘంలోనా?" అన్నాడు.

లోపలికి పోతున్న సుమలత వెనక్కి తిరిగి చూసింది.

"లగ్గమా? ఎవురికి?" అన్నాడు వెంకటముని.

మునెమ్మ తొణకలేదు. ఫోను తీసి ఫోటో చూపించింది. "మీ పాప రాసిన జాబే గదా ఇది? నాలుగు మూలలా పసుపు పూసి పంపినారు. మేమేమన్నా తెలియనోళ్లమా?"

సుమలత ఫోను అందుకుని దగ్గరగా చూసింది. ముందు అర్థం కాలేదు. తర్వాత ఆమె ముఖం టమోటా బాక్సులోని సరుకుతో పోటీ పడింది. "నేను పసుపు పూయలేదమ్మా. ఇది జెండా పండక్కి మా బళ్లో రాసిన జాబు. మదనపల్లె రిటైర్డు జవాన్ల సంఘమోళ్లు మన పక్క జవాన్ల పేర్లు ఇస్తే పిలకాయలూ టీచర్లూ ఒకొక్కరికి రాసినాం. కవర్లు అంటించకుండానే అన్నీ ఒక సంచిలో వేసి ఒక పూట మా ఇంట్లో పెట్టినా." అంటూ ఆగింది. మెల్లగా అవ్వ వైపు తిరిగింది. "అవ్వా?"

రాములమ్మ చేతికర్ర మీద గడ్డం ఆనించి, ఏ తప్పూ చేయని మనిషిలా చూసింది. "నేనే పూసినా. అన్నిటికీ పూసినా."

"అన్నిటికీనా! అందుకా, ఎవురో హవల్దారు పెండ్లాం బడికి ఫోన్ చేసి, మా ఆయనకు ఇద్దురు పిలకాయలుండారు, సిగ్గులేదా అని ఫోనెత్తిన నన్ను తిట్టింది! నాకు ఎందుకో తెలియనే లేదు!"

"తిడితే తిట్టనీలే" అంది అవ్వ. "ఒట్టి కాగితం యాల పంపల్ల? మా కాలంలో పసుపు లేని జాబొస్తే, ఎవురో పోయినారని విప్పకముందే ఏడుపు మొదలు పెడతా ఉన్నారు. ఈళ్లు మిలిట్రీ పిలకాయలు. ఇంటి దిక్కు నుంచి కవరు వస్తే గుండె గుబేలుమనదా? మూలన పసుపు కనపడితే, ఊర్లో అందురూ బాగుండారు అని సూడగానే తెలుస్తాది. అంతే గదా."

మునెమ్మకు కోపం రావాలి, రాలేదు. తెలియని నంబరు నుంచి ఫోన్ మోగిన ప్రతిసారీ ఎత్తడానికి ముందు ఆమె దేవుడి పటానికి మొక్కుతుంది. ఈ ముసలామెకు ఆ భయం చెప్పకుండానే తెలిసింది. వచ్చిన పని పొరపాటని తేలిపోయింది కాబట్టి లేచి వెళ్లిపోవచ్చు. కానీ గిన్నెల మీద కోపం చూపించే రోజులు ఆమెకు గుర్తొచ్చాయి.

"పొరపాటు మాదే" అంది. "అయినా వచ్చినందుకు నోరిడిసి అడుగుతాండా. మీ పాపకు సంబంధాలు సూస్తాండారంట. మావోణ్ణి సూడండి."

వెంకటముని లేచి నిలబడ్డాడు.

లేచి నిలబడ్డాడంటే అయిపోయిందన్నమాట. తర్వాత చేతులెత్తుతాడని మునెమ్మకు తెలుసు. ఎత్తాడు. "మీవోడు దేశం కోసం అంత కష్టపడతాండాడమ్మా. మేము దండం పెట్టాల. కానీ పిల్లనంటే... ఒకే బిడ్డ... మిలిట్రీ అంటే..."

"కూర్సోప్పా" అంది మునెమ్మ. మొదటిసారిగా ఆమె గొంతు తగ్గించి మాట్లాడింది. "నువ్వు పెట్టకపోయినా పరవాల్యా. మా ఇంటి నిండా దండాలే ఉండాయి. పెట్టుకునేదానికి సోటు ల్యా. ల్యానిది కోడలే."

బుట్ట తీసుకుని బయటికి నడిచింది. గంగప్ప గుమ్మం దాకా వచ్చి, వెనక్కి తిరిగి టమోటా బాక్సు వైపు ఆశగా చూశాడు. ఇచ్చింది తిరిగి ఎత్తుకోవడం బాగుండదని అక్క ముఖం చూసి ఊరుకున్నాడు.

పుంగనూరు బస్టాండులో గంగప్ప మదనపల్లె బస్సు ఎక్కిపోయాడు. పలమనేరు బస్సు ఇంకా రాలేదు. మునెమ్మ సిమెంటు బల్ల మీద కూర్చుని మల్లెపూలు ఒక్కొక్కటే తుంచి పారేస్తోంది. తమ్ముడు ఉన్నంతసేపూ బింకంగా ఉంది గానీ, ఇప్పుడు ఏడుపు ఆగడం లేదు. ఫోటోల కింద నవ్వే బొమ్మ పెట్టి పంపాడు వాడు. ఆ కొండ మీద కూర్చుని, ఒట్టి నవ్వుకే పంపాడో, లోపల ఏదన్నా ఆశ పెట్టుకున్నాడో.

బల్ల ముందు ఒక స్కూటీ వచ్చి ఆగింది. సుమలత. ముందు భాగంలో టమోటా బాక్సు లేదు, ఒక కవరు మాత్రం ఉంది.

"టమోటాలు మా అవ్వ ఇయ్యలేదమ్మా. వాకిట్లోకి వచ్చిన సంబంధం పోయినా సరుకు పోకూడదంట" అంది. మునెమ్మ ఏడుపులోనే నవ్వింది. ఆ పిల్ల పక్కన కూర్చుంది.

"ఆ జాబు రాసేటప్పుడు నాకు ఆయనెవురో తెలియదు. పేరొక్కటే తెలుసు. పిలకాయలకు నేర్పించినట్లే, మీ రుణం తీరదు అని నేనూ రాసేసినా. ఇందాక మా నాయన లేచి దండం పెట్టినాడే, అప్పుడు నాకు శానా సిగ్గయింది. నేను రాసిందీ ఆ దండమే గదా. అందుకే ఇంకోటి రాసుకొచ్చినా." కవరు మునెమ్మ చేతిలో పెట్టింది. "పోయినసారి రాసింది జవానుకు. ఇది మునిచంద్రకు."

మునెమ్మ కవరును అటూ ఇటూ తిప్పింది. నాలుగు మూలలూ తడిమింది. తెల్లగా, బోడిగా ఉన్నాయి.

"పసుపు ల్యా" అంది.

"వొద్దనే పూయలేదమ్మా. ఆయన ఎట్లాంటి మనిషో నాకు తెలియల్ల. నేనెట్లాంటిదాన్నో ఆయనకు తెలియల్ల. ముందు జవాబు రాయనీ. మాటలు కుదిరితే పసుపు నేనే పూస్తా. కుదరకపోతే మీరూ నేనూ ఏమీ అనుకోకూడదు."

"మీ నాయన?"

"ఆర్టీసీ డ్రైవరు గదా, ముందు బ్రేకే తొక్కుతాడు. ఆయన సంగతి నాకు ఇడిసిపెట్టండి. మీరు కుప్పంలో పోస్టు చేయండి. ఈడ చేస్తే, మా అవ్వ కంట పడితే మళ్లీ పసుపే."

బస్సు వచ్చింది. మునెమ్మ బుట్టలో మిగిలిన మల్లెలు సుమలత అడగకుండానే తీసుకుని జడలో పెట్టుకుంది. మునెమ్మ కిటికీ పక్కన కూర్చుని, స్కూటీ మలుపు తిరిగేదాకా చూసింది.

పలమనేరు దాటిన తర్వాత చేతులు ఊరుకోలేదు. బుట్టలో పసుపు పొట్లం అలాగే ఉంది. ఒక్క మూలకు, అదీ వెనకవైపు, చిన్న చుక్క పెడితే ఏమవుతుంది? శుభమే గదా. వేలు తడి చేసి పొట్లంలో ముంచింది. కవరు దాకా తెచ్చింది. నేనే పూస్తా అన్న ఆ పిల్ల మాట గుర్తొచ్చింది. కాసేపు వేలిని అలాగే గాలిలో పట్టుకుని కూర్చుంది. పక్క సీటులోని ఆమె వింతగా చూస్తుంటే, ఆ పసుపును తన తాళిబొట్టుకే రాసుకుని, కవరును జాగ్రత్తగా రవికెలో దోపుకుంది.

ఇంటికి చేరేసరికి రామప్ప కాపలాకు బయల్దేరుతున్నాడు. ఆమె ముఖం చూసి టార్చిలైటు పక్కన పెట్టి కూర్చున్నాడు. మునెమ్మ కవరు తీసి మంచం మీద పెట్టి, చెవి దగ్గర జరిగిందంతా చెప్పింది. "నువ్వు సెప్పిందే నిజం. అది థ్యాంక్స్ జాబే" అని ఒప్పుకుంది. పెండ్లయిన ఇన్నేళ్లలో ఆమె ఒక మాట ఒప్పుకోవడం అదే మొదలు కాబట్టి రామప్ప కొంచెం కంగారు పడ్డాడు.

ఆయన కవరును చేతిలోకి తీసుకుని, లైటు కిందికి పట్టి, నాలుగు మూలలూ చూశాడు.

"దీనికి పసుపు ల్యా?"

"ల్యా."

"అయితే ఇది థ్యాంక్స్ జాబు కాదులే" అన్నాడు రామప్ప.